మైనస్ పదిలో మారయ్య

సింగపూర్‌లో జురాంగ్ ఈస్ట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఫోన్లలో మారయ్య పేరు ‘మారయ్య ఏసీ’ అనే ఉంటుంది. అసలు ఇంటిపేరు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బ్యాంకుల్లో, కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే పెద్దమనుషులు ఉగాది సభలో ఆయన ఎదురుపడితే, దండం పెట్టాలా, తమ ఏసీ ఎందుకు గురగురలాడుతోందో అడగాలా అని ఒక్క క్షణం తటపటాయించి, రెండోదే చేస్తారు. మారయ్య పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. యంత్రాన్ని చూడక్కర్లేదు. ఆ చప్పుడు ఎలా వస్తోందో నోటితో చేసి వినిపిస్తే చాలు. ఒకసారి ఒక బ్యాంకు వైస్ ప్రెసిడెంటుగారు సభ మధ్యలో నిలబడి "గ్ర్ర్ర్, టక్, టక్" అంటుంటే, ఆయన భార్య పరువు పోయిందని లేచి వెనక వరసలో కూర్చుంది. మారయ్య మాత్రం కళ్లు మూసుకుని విని, "ఫ్యాను బుష్ అరిగిపోనాదండి, శనివారం వస్తాను" అన్నాడు.

సోంపేట దగ్గరి పల్లెనుంచి ఇరవయ్యారేళ్ల కిందట తువాస్ ఓడల యార్డుకి వచ్చిన మనిషి. మూడేళ్లు ఓడలకు తుప్పు గీకాడు. తుప్పు గీకితే ఓడ కొత్తదవుతుంది గానీ గీకేవాడు పాతబడిపోతాడని తెలుసుకుని ఏసీల పనిలోకి మారాడు. ఇప్పుడు యాభై మూడేళ్లు. అక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, తొమ్మిదో అంతస్తులో మూడు గదుల ఫ్లాటు ఉంది, మేనమామ కూతురు రత్తమ్మ భార్యగా ఉంది, పదిహేనేళ్ల అక్షర అనే కూతురు ఉంది. ఆ పిల్ల తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఇంగ్లీషులో అడిగితే భుజాలెగరేస్తుంది.

మారయ్య పనితనమంతా సిలికాన్‌లో ఉంది. గొట్టంలోంచి తెల్లటి జిగురు నొక్కి, కన్నాలూ సందులూ పూడ్చి, వేలితో ఒక్క గీత గీస్తాడు. ఆ గీత చూస్తే ముచ్చటేస్తుంది. దాని వెనక ఒక అవమానం ఉంది. ఏసీల పనిలో చేరిన కొత్తలో, ఆయన బిగించిన బయటి పెట్టెలోంచి నీళ్లు కారి, కింది అంతస్తు ముసలమ్మ ఆరేసుకున్న దుప్పటి మీద పడ్డాయి. ఆ ఊళ్లో పై ఇంటి చుక్క కింది ఇంటి మీద పడిందంటే పెళ్లిళ్లు చెడిపోయేంత గొడవ. అప్పటి మేస్త్రీ, మారయ్య చేత ఆ దుప్పటిని ఆవిడ గుమ్మం ముందే బకెట్లో ఉతికించాడు. వరండా పొడుగునా జనం నిలబడి చూశారు. ఇద్దరు పిల్లలు ఫొటోలు కూడా తీశారు. ఆ సబ్బు నురగలో చేతులుండగానే మారయ్య ఒట్టు పెట్టుకున్నాడు, తన చేతి యంత్రంలోంచి ఈ జన్మలో చుక్క కింద పడకూడదని. అప్పట్నుంచీ బయటి పెట్టె అడుగున ఎన్ని కన్నాలుంటే అన్నిటికీ సిలికాన్, దాని కింద పళ్లెం, పళ్లేనికి గొట్టం. ఇరవై రెండేళ్లుగా చుక్క పడలేదు.

ఈ ఘనకార్యం మీద రత్తమ్మకు ఏమంత గౌరవం లేదు. ఆవిడ ధ్యాసంతా నిచ్చెన మీద. ఎనిమిదేళ్ల కిందట వాళ్ల పక్క ఊరివాడే ఒకడు నిచ్చెన మీంచి పడి, నడుం విరిగి, విమానంలో పడుకుని ఇంటికెళ్లాడు. ఆ రోజునుంచి ఇంట్లో ఒక చట్టం పుట్టింది. రోజూ ఆఖరి నిచ్చెన దిగగానే మారయ్య ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి. "దిగీసినాను." ఆ మాట చెవినపడితే గానీ రత్తమ్మ మధ్యాహ్నం అన్నం ముట్టదు. ఒక్కో రోజు మూడవుతుంది, ఒక్కో రోజు నాలుగున్నర.

"తినీసి ఉండొచ్చు కదే!" అని మారయ్య ఎన్నోసార్లు కసురుకున్నాడు.

"నువ్వు బేగి దిగు మావా, నాను బేగి తింటాను" అంటుంది ఆవిడ. ఈ చట్టానికి సవరణల్లేవు.

మూడు నెలల కిందట పన్నెండో అంతస్తు కిటికీ బయట, ఇనప అంచు మీద కూర్చుని బోల్టు విప్పుతుండగా మారయ్య కుడి మోకాలు బిగుసుకుపోయింది. మడతపడదు, చాపుకోదు. లోపలికి రాలేడు, కిందికి చూడలేడు. నడుముకు కట్టుకున్న బెల్టునీ, ఊళ్లో అమ్మోరినీ, ఆ బెల్టు తయారు చేసినవాడినీ వరసగా తలుచుకున్నాడు. అమ్మోరికంటే బెల్టువాడికే ఎక్కువ మొక్కులు మొక్కాడు. లోపల్నుంచి ఇంటావిడ "అంకుల్, ఫినిష్ ఆల్రెడీ ఆ?" అని అడిగినప్పుడల్లా "ఫైవ్ మినిట్" అన్నాడు. అలాంటి అయిదు నిమిషాలు ఎనిమిది గడిచాక మోకాలు దయతలిచింది.

ఇక నిచ్చెనలు వద్దని డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. మారయ్య ఆ మాట రత్తమ్మకు చెప్పలేదు. చెబితే మర్నాడే ఆవిడ నిచ్చెన దాచేస్తుంది. నిచ్చెన లేకపోతే తనకు వేరే పని రాదు. ఆయన్ని పట్టుకున్న భయం అదే. పైనుంచి పడతానని కాదు, కింద తనకు చోటు లేదేమోనని. రోజూ రెండు నొప్పి మాత్రలు మింగి ఎక్కుతూ, దిగుతూ, ఫోన్ చేస్తూ వచ్చాడు.

చివరికి బాస్‌కి చెప్పాడు. బాస్ పేరు టే. చెడ్డవాడు కాదు, అలాగని మంచివాడని తొందరపడనూ కూడదు. తువాస్‌లో వాళ్ల కంపెనీ కొత్తగా ఒక పరీక్షశాల పెట్టింది. ఇళ్లను వేడి చేసే హీట్ పంపులు అక్కడ తయారై ఏదో చలిదేశానికి పోవాలి. కొనేవాళ్ల తరఫున హిల్దా అనే ఇంజినీరమ్మ శుక్రవారం చూడ్డానికి వస్తోంది.

"లాబ్‌లో ఒక మనిషి కావాలి. నేల మీద పని. కుర్చీ ఉంది" అన్నాడు టే తన సింగపూర్ ఇంగ్లీషులో. "శుక్రవారం యంత్రం నువ్వే బిగించు. రోజంతా అక్కడి పరీక్ష ఇల్లు ఇరవై ఒక్క డిగ్రీల కంటే తగ్గకపోతే కుర్చీ నీది. తగ్గితే, సారీ, కంపెనీలో నిచ్చెన లేని పని ఇంకేదీ లేదు."

ఈ సంగతిలో మోకాలు ముక్క మింగేసి మిగతాది మారయ్య ఇంట్లో చెప్పాడు. అక్షర ముందు పగలబడి నవ్వింది. "పా, సింగపూర్‌లో హీటింగా? వేర్ గాట్ వింటర్, లా!" అని, ఆ జోకు స్నేహితులకు పంపడానికి ఫోన్ తీసుకుని లోపలికి పోయింది.

రత్తమ్మ వంటింటి వెనకాల ఏసీ బయటి పెట్టె ముందు వడియాల పళ్లెం సర్దుతోంది. బట్టలారే చోటే చాలని ఆ ఊళ్లో, ఎండ కోసం డాబాలు వెతుక్కోకుండా, ఆ పెట్టె వదిలే వేడిగాలికే ఆవిడ పదేళ్లుగా వడియాలు ఎండబెడుతోంది. గాలికి అడ్డం పెడితే యంత్రం పాడవుతుందని మారయ్య గోలపెడతాడు. తినేటప్పుడు మాత్రం గోలపెట్టడు.

"సలిగాల్లోంచి యేడి తీస్తాదా? రాతిలోంచి నార తీసినట్టేటి?" అంది.

"ఇది ఏటి సేస్తందో సెప్పు ముందు. గదిలో యేడి మోసుకొచ్చి నీ ఒడియాల మీద పోస్తంది. అక్కడ దీన్నే అటుదిటు చేస్తారు. బయట యేడి మోసుకొచ్చి గదిలో పోస్తాది."

"బయట మంచు పడతంటే ఇంక యేడెక్కడిది?"

"ఉంటాదే. సలి మనకి గానీ దీన్లో గ్యాసుకి కాదు. అది మైనస్ యాభై కాడే మరిగిపోయే సరుకు. దానికి మైనస్ పదంటే మే నెల్లో సోంపేట. బయట రేకుల్లో తిరిగి, ఆ సలిగాల్లోంచే యేడి తాగీసి ఆవిరైపోద్ది. అప్పుడు కంప్రెసరు దాన్ని పట్టుకుని నొక్కుద్ది. సైకిలుకి గాలి కొడితే పంపు కాలదేటి? అలగే ఆ ఆవిరి సలసల కాగుద్ది. దాన్ని ఇంట్లో రేకుల్లోకి తోలితే, తెచ్చిన యేడంతా గదికి ఇచ్చీసి మళ్లీ నీరైపోద్ది. సన్న దారిలోంచి ఒగ్గీస్తే సల్లబడి మళ్లీ బయటికి పోద్ది. ఇది యేడి పుట్టించదు రత్తమ్మా, మోసుకొస్తాది. కూలి పని."

"మరి కరెంటో?"

"కూలోడి తిండి. ఒకడి తిండి తిని ముగ్గురి మోత మోస్తాది."

"అయితే నీలాటిదే" అంది రత్తమ్మ, ఒక వడియం తిరగేస్తూ.

పరీక్షశాలలో సగం పెద్ద చలిగది. మిగతా సగంలో, గోడ అవతల, ప్లైవుడ్డుతో కట్టిన ఒక ఇల్లు. ఇల్లంటే ఒకే గది. సోఫా, పరదాలు, ప్లాస్టిక్ పూలకుండీ, గోడ మీద మంచుకొండ బొమ్మ. వచ్చినవాళ్లకు మర్యాదలు చేయడానికే కట్టారు గనుక మారయ్య దానికి అత్తారిల్లని పేరు పెట్టాడు. చలిగదిలో బయటి పెట్టె, అత్తారింట్లో లోపలి పెట్టె, మధ్య గోడలోంచి రాగి గొట్టాలు. చలిగదిని చల్లబరచడానికి కప్పు మీద ఇంకో పెద్ద యంత్రం. అది గదిలోని వేడినంతా తోడి తువాస్ ఎండలో పారబోస్తుంటే, మిగిలిన ఆ కాస్త వేడిని ఈ హీట్ పంపు దొంగిలించి అత్తారింటికి చేరవేయాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని సామెత చెప్పినవాడు ఈ గది చూడకుండానే పోయాడు.

ఆ పరీక్షలు చూసే ఇంజినీరు అభిజిత్. వరంగల్ కుర్రవాడు, యూనివర్సిటీలో పరిశోధన ముగించి వచ్చాడు, ఉద్యోగంలో చేరి ఇంకా నాలుగు నెలలు కాలేదు. బుధవారం డ్రాయింగు ఇచ్చి, "అంకుల్, నార్మల్ ఇన్‌స్టలేషనే, మీకు నేను చెప్పేదేముంది?" అన్నాడు. పాపం, ఆ ఒక్క మాటే అనకుండా ఉండాల్సింది.

మారయ్య నార్మల్‌గానే బిగించాడు. రాగి గొట్టాలు అతికాడు, గాలి పీకేశాడు, గ్యాసు నింపాడు. తర్వాత బయటి పెట్టె కింద పడుకుని అడుగురేకు చూశాడు. ఏడు కన్నాలు. ఆయన మనసు విలవిల్లాడింది. ఏడింటికీ సిలికాన్ పెట్టి, వేలితో గీత గీసి, కింద స్టీలు పళ్లెం తగిలించి, పళ్లేనికి గొట్టం పెట్టాడు. మోకాలు నొప్పి పుడుతున్నా ఆ గీతలు మాత్రం ఎప్పటికంటే అందంగా వచ్చాయి. మరి ఇది కుర్చీ కోసం గీసిన గీత. టే వంగి చూసి, ఫొటో తీసి, "మారయ్య వర్క్. నో లీక్" అని హిల్దాకు పంపించాడు. ఆవిడ ఆ ఫొటో చూసిందో లేదో, జవాబు మాత్రం రాలేదు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరుతూ మారయ్య చెప్పాడు, "ఈయేళ నిచ్చెన లేదు. పన్నెండుకే తినీ." రత్తమ్మ సరేనని తలాడించి, అన్నం డబ్బాతో పాటు లీటరు ఫ్లాస్కు నిండా చారు పోసి ఇచ్చింది. మైనస్ పది అనే మాట విన్నప్పట్నుంచీ ఆవిడకు అదే దిగులు.

ఏడింటికి పరీక్ష మొదలైంది. మొదట చలిగదిని రెండు డిగ్రీల దగ్గర ఉంచి, గాలికి తడి పట్టించారు. హీట్ పంపుకి అసలు గండం అక్కడే. తడిగాలి చల్లటి రేకుల మీద నూగులా గడ్డకడుతుంది. నూగు మందమైతే గాలి దూరదు, గాలి దూరకపోతే వేడి దొరకదు. అందుకని యంత్రం తనంతట తానే అప్పుడప్పుడూ కాసేపు వెనక్కి తిరిగి, ఇంట్లోంచి కాస్త వేడి తెచ్చుకుని ఒళ్లు కరిగించుకుంటుంది. మూడు గంటల్లో అలా నాలుగుసార్లు చేసింది. పది గంటలకు గదిని మైనస్ పదికి దించారు. అత్తారింట్లో ఇరవై ఒకటిన్నర. గాజు పలక ఇవతల కంప్యూటరు ముందు అభిజిత్ కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు.

పదకొండున్నరకు మారయ్య అన్నం డబ్బా మూత తీసినవాడు, మళ్లీ పెట్టేశాడు.

"ఏదో తగుల్తంది" అన్నాడు.

"ఏడ అంకుల్? గ్రాఫ్ మస్తు పర్ఫెక్ట్‌గ ఉంది."

"గ్రాఫుకి సెవులుంటాయేటి బాబూ? ఫ్యాను రెక్క దేనికో గీసుకుంటంది. టిక్, టిక్ అని. ఇను."

రెండు పొరల గాజు అవతలి చప్పుడు అభిజిత్‌కు వినబడలేదు. మారయ్య జాకెట్టు తొడుక్కుని, తలుపు లాగి లోపలికి వెళ్లాడు. మైనస్ పది ముందు ముక్కులో దూరింది, తర్వాత మోకాట్లో కూర్చుంది. వంగి టార్చి కొట్టాడు. పళ్లెం నిండా మంచుగడ్డ. గొట్టం లోపల గడ్డ. పళ్లెం నిండాక నీళ్లకు పోయే దారి లేక, కన్నాలు మూసిన అడుగురేకులోనే నిలిచి, గడ్డకట్టి, పొర మీద పొరగా ఫ్యాను దాకా లేచాయి. రెక్క కొసలు అంచున చెక్కుకుపోతున్నాయి. ఆ గడ్డ అడుగున, గాజు పటంలో దేవుడిలా, ఆయన సిలికాన్ గీతలు తళతళ మెరుస్తున్నాయి.

అలవాటు కొంప ముంచిందని మారయ్యకు తెలిసిపోయింది. ఏసీలో చెమ్మ పట్టేది ఇంట్లో. దీన్ని తిప్పి పెట్టారు కాబట్టి చెమ్మ పట్టేది బయట. రత్తమ్మకు అరటిపండు ఒలిచినట్టు చెప్పిన మాటే ఇది. యంత్రాన్ని తిప్పడం ఆయన నోటికి తెలిసింది గానీ చేతికి తెలియలేదు. ఇక్కడ కింది అంతస్తు లేదు, ముసలమ్మ లేదు, దుప్పటి లేదు. ఏడు కన్నాలూ నీళ్లు పడిపోవడానికే పెట్టారు. తన వేలితో తానే కుర్చీని పూడ్చేసుకున్నాడు. సిగ్గూ భయమూ ఒకేసారి వచ్చాయి. చలిలో అవి రెండూ వణుకులాగే ఉంటాయి కాబట్టి అభిజిత్ పోల్చుకోలేదు.

తలుపు దగ్గరికి వచ్చి సంగతి చెప్పాడు. అభిజిత్ మొహం పాలిపోయింది. "గది వేడి చేస్తే టెస్ట్ మొత్తం పోతది అంకుల్. కెటిల్ అవతలి బిల్డింగ్ల ఉంది. హిల్దా మేడమ్ ఒకటింటికి కదా, అప్పటికల్లా..." అంటుండగానే ఫోన్ మోగింది. మేడమ్ ముందే వచ్చేసింది, బాస్‌తో పాటు గేటు దగ్గరుందట.

మారయ్య బల్ల మీదికి చూశాడు. అక్కడ లీటరు ఫ్లాస్కు ఉంది.

"స్విచ్చి కట్టు" అన్నాడు.

అభిజిత్ యంత్రం ఆపాడు. మారయ్య లోపలికి వెళ్లి మూత తిప్పి, పొగలు కక్కే చారును అడుగురేకులో ధారగా పోశాడు. చింతపండు, మిరియాలు, ఇంగువ, తువాస్‌లో ఏ చలిదేశపు యంత్రమూ ఎరగని ఘుమఘుమ లేచింది. గడ్డ ఫెళ్లున విచ్చింది. వెల్లకిలా పడుకుని, మోకాలు చేసే గోల పట్టించుకోకుండా, స్క్రూడ్రైవరుతో కిందినుంచి సిలికాన్ ముద్దలు ఒక్కొక్కటే పొడిచేశాడు. తన గీతల్ని తానే పొడుస్తుంటే ఏడుపొచ్చింది. ఏడు కన్నాలూ తెరుచుకున్నాయి. చారు ఆయన జాకెట్టు మీద, గడ్డం మీద పడింది. స్టీలు పళ్లాన్ని పీకి మూలకి విసిరేశాడు. లేచి తల తిప్పేసరికి గాజు పలక అవతల టే, పక్కన నెరిసిన జుట్టు పొడవాటి ఆవిడ, ఇద్దరూ నిలబడి చూస్తున్నారు. ఎప్పట్నుంచి చూస్తున్నారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

యంత్రం మళ్లీ తిరిగింది. టిక్‌టిక్ పోయింది. కాని పదకొండు నిమిషాలు ఆగినందువల్ల అత్తారిల్లు ఇరవైన్నరకు దిగి, అరగంటకు గానీ కోలుకోలేదు. గ్రాఫులో ఎలక కొరికినట్టు ఒక గంటు పడింది. హిల్దా ఆ గంటు మీద వేలు పెట్టి, ఇదేమిటంది.

"సెన్సర్... చిన్న గ్లిచ్, మేడమ్" అన్నాడు అభిజిత్, తన బూట్లతో మాట్లాడుతున్నట్టు. టే ఆ కుర్రవాడి వైపు చూసిన చూపులో డ్రాయింగు గీసిందెవరన్న ప్రశ్న ఉంది. మారయ్య నోరు మూసుకుని ఉంటే ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయేది. ఒక్క క్షణం మూసుకున్నాడు కూడా. మనిషే కదా.

హిల్దా జాకెట్టు తీసుకుని చలిగదిలోకి వెళ్లింది. అప్పుడే యంత్రం మళ్లీ ఒళ్లు కరిగించుకుంటోంది. ఏడు కన్నాల్లోంచి నీళ్లు టపటపా నేలమీద పడుతున్నాయి. ఇరవై రెండేళ్ల తర్వాత మారయ్య చేతి యంత్రంలోంచి చుక్క పడింది, అదీ కొనేవాళ్ల బూటు మీద. "సారీ మేడమ్, సారీ!" అంటూ మారయ్య గుడ్డ పట్టుకుని వెనకే పరిగెత్తాడు. ఆవిడ వంగి అడుగురేకు అంచునుంచి ఏదో గిల్లి తీసింది. బిరుసెక్కిన చిన్న ఆకు.

"ఇదేమిటి?"

కూరలో కరివేపాకును ఏరి పారేయడమే అందరూ ఎరుగుదురు. ఇంత గౌరవంగా వేలి కొసన పట్టుకుని అడిగినవాళ్లు లేరు. ఇక దాచడానికేం లేదని మారయ్యకు అర్థమైంది.

"కర్రీ లీఫ్, మేడమ్. మై వైఫ్ సూప్" అన్నాడు. తర్వాత తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పేశాడు. కన్నాలు మూసింది తనేనని, డ్రాయింగులో తప్పు లేదని, ఈ ఊళ్లో చుక్క కింద పడితే సిగ్గని, దుప్పటి సంగతి, చారు సంగతి. ‘బ్లాంకెట్ వాష్, ఎవ్రీబడీ సీ’ అన్నప్పుడు గాల్లోనే రెండు చేతులతో ఉతికి చూపించాడు. టే రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

హిల్దా నవ్వలేదు. "మా దేశంలో కొత్త మేస్త్రీలు మొదటి చలికాలం చేసే తప్పు ఇదే. యంత్రంతో ఇచ్చే పుస్తకంలో ముప్పయ్యొకటో పేజీలో ఉంటుంది, ఆ పేజీ దాకా ఎవరూ రారు. ఎవరూ ఒప్పుకోరు కూడా, యంత్రం మీదికి తోసేస్తారు" అంది. ఆ తర్వాత అడిగిన ప్రశ్న వేరు. "గ్రాఫులో ఏమీ కనబడక ముందే లోపలికి వెళ్లావు. ఎలా తెలిసింది?"

"సౌండ్, మేడమ్."

"రెండు గాజుల ఇవతలికా?" ఆవిడ టే వైపు తిరిగింది. "అక్కణ్నుంచి ఫోన్‌లో యంత్రం చప్పుడు వినిపిస్తే ఇతను జబ్బు చెప్పగలడా?"

టే వ్యాపారస్తుడు. వాన మబ్బు పట్టగానే గొడుగులు అమ్మగల జాతి. "చప్పుడు అక్కర్లేదు, నోటితో చేసి చూపించినా చెబుతాడు" అన్నాడు.

హిల్దా చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, ఎంతో గంభీరంగా "వ్వూఁ... కట్, వ్వూఁ... కట్" అంది. మారయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"నాలుగు దారుల వాల్వు, మేడమ్. యంత్రాన్ని వెనక్కి తిప్పేది అదే, తిరగబోయి సగంలో ఇరుక్కుంటోంది."

ఆవిడ వాళ్లింట్లో యంత్రానికి రెండేళ్లుగా ఉన్న జబ్బు అదేనట. ముగ్గురు మేస్త్రీలు కనిపెట్టలేకపోయారట. ఆవిడ నోట్‌బుక్కు తీసి, ‘మారయ్య’ అని రాసుకుంది. వెనకాల ఏసీ అని తగిలించలేదు.

సాయంత్రం నాలుగింటిదాకా ఇల్లు మళ్లీ ఇరవై ఒకటికి దిగలేదు. అత్తారింటి సోఫా మీద అందరూ చలిగది జాకెట్లతోనే వరసగా కూర్చుని చెమటలు తుడుచుకున్నారు. బయట తువాస్‌లో ముప్పై మూడు, లోపల ఇరవై రెండు, మధ్యలో మైనస్ పది. ఏది ఇల్లో ఏది బయటో యంత్రానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. వెళ్లేముందు టే మారయ్యను పక్కకు పిలిచాడు.

"ఇరవైన్నరకు దిగింది" అన్నాడు.

"యెస్, బాస్."

"సోమవారం ఇక్కడికే రా. మేడమ్ ఆర్డరుతో పాటు నీ పేరు కూడా అడిగింది. నిచ్చెన వ్యాన్ మీదే వదిలేయ్, ఎవడికో ఇస్తాను. ఆ సిలికాన్ గన్ను మాత్రం నా టేబుల్ మీద పెట్టు. లాబ్‌లో అది నీ చేతిలో కనిపించిందో, చూసుకో!"

మారయ్య వ్యాన్ దగ్గరికి నడిచాడు. పైన కట్టిన అల్యూమినియం నిచ్చెన ఎండకు కాలిపోతోంది. దాని మీద చెయ్యి వేసి, చుర్రుమంటే తీసేశాడు. ఇన్నేళ్లూ భుజాన మోసిన నిచ్చెనే. ప్రేమ ఏమీ పుట్టలేదు. మోకాలు మాత్రం చల్లగా ఉంది. కంపెనీ బస్సు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. గట్టు మీద కూర్చుని ఫోన్ తీశాడు.

రత్తమ్మ ఒక్క రింగుకే ఎత్తింది.

"దిగీసినాను" అన్నాడు మారయ్య.

"ఈయేళ నిచ్చెన లేదన్నావు కదేటి?"

"లేదు."

"మరి?"

పన్నెండో అంతస్తు, మోకాలు, డాక్టరు, మాత్రలు, మూడు నెలల అబద్ధం, అన్నీ గడగడా చెప్పేశాడు. తిడుతుందని చూశాడు. తిట్టలేదు.

"ఇంక ఎక్కను రత్తమ్మా. సోమారం నుంచి కుర్చీ. ఇంక ఎప్పటికీ దిగీసినాను."

అటువైపు చాలాసేపు ఏమీ వినబడలేదు. చెవి ఎంత పదునైనా మౌనాన్ని బట్టి జబ్బు చెప్పడం మారయ్యకు రాదు. అందుకని భయపడ్డాడు.

"నువ్వు పన్నెండుకే తినీసినావు కదా?" అని అడిగాడు.

రత్తమ్మ ఫోన్‌ను వంటింటి గట్టు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కంచం తీసిన చప్పుడు, గిన్నె మూత తీసిన చప్పుడు, అన్నంలో గరిట పడిన చప్పుడు.